వార్డు విడిచి ఊళ్ళోకి వచ్చిన నర్సు ఎవరికి జవాబుదారీ?

(ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మీరు చెప్పిన అనుభవాలన్నీ వింటూ రాసుకున్నాను. ఆరోగ్యం గురించి మాట్లాడిన వాళ్ళలో చాలామంది నోట ఒకే ఫిర్యాదు వచ్చింది. "నర్సమ్మ ఊరికి రాదు. వచ్చినా రిజిస్టరు రాసుకుని పోతది. ఆపరేషన్ కేసులుంటేనే మా గడప తొక్కుతది." ఈ ఫిర్యాదు అబద్ధమని నేను అనను. అయితే కొన్నేళ్ళుగా నర్సుల శ్రమ మీద పనిచేస్తూ ఇదే సంగతిని అవతలి వైపు నుంచి కూడా వింటున్నాను. మన ఫిర్యాదుకు గురయ్యే ఆ నర్సు కూడా ఒక శ్రామిక స్త్రీ. ఆమెకూ హక్కులున్నాయి, ఆమెకూ మన మీద ఫిర్యాదులున్నాయి. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి మాట్లాడుకోవాలనే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముఖ్యంగా ఆసుపత్రి వార్డులో పనిచేసి, ఆ తర్వాత పల్లె ఆరోగ్య కేంద్రానికి వచ్చిన నర్సుల గురించి చెబుతాను. పైకి చూస్తే అది పనిచేసే చోటు మారడమే. కానీ నాకు అర్థమైనంతలో మారవలసిన అసలు సంగతి మరొకటి ఉంది: ఆమె ఎవరికి జవాబు చెప్పాలి అన్నది. వార్డులో నర్సు డాక్టరుకూ హెడ్ నర్సుకూ జవాబు చెబుతుంది. ఊళ్ళో ఎవరికి చెప్పాలి? పై ఆఫీసుకా, ఊరి ఆడవాళ్ళకా? ఈ ప్రశ్న తేలకపోతే ఆమె ఊళ్ళోకి వచ్చినా వార్డును వెంటబెట్టుకునే వస్తుంది.

వార్డులో నేర్చుకున్నది

నాతో చాలాసార్లు మాట్లాడిన ఒక నర్సు హైదరాబాదులో తొమ్మిదేళ్ళు వార్డులో పనిచేసింది. తర్వాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చదివి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లె దవాఖానకు వచ్చింది. మొదటి నెలలో ఒక ముసలమ్మ ఇంటికి వెళ్ళింది. బీపీ మందులు ఇచ్చి ఇరవై రోజులైంది, గోలీలు సగం అట్లాగే ఉన్నాయి. వార్డులో అలవాటైన గొంతుతోనే "ఎందుకు వేసుకోలేదు?" అని గదిమింది. ఆ ముసలమ్మ జవాబు చెప్పకుండా పీట వాల్చి, "ముందుగాల కూసో బిడ్డా, ఎండల పడి వచ్చినవ్" అంటూ నీళ్ళు తెచ్చి ఇచ్చిందట.

కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. కొడుకూ కోడలూ కూలికి పోయారు. ముగ్గురు మనవలు ముసలమ్మ మీదే ఉన్నారు. గోలీ మింగిన రోజు ఆమెకు కళ్ళు తిరుగుతున్నాయి. "నేను పడిపోతే పోరగాండ్లను ఎవరు చూస్తరు?" అన్నది ఆమె లెక్క. నర్సు ఆమె బీపీ మళ్ళీ చూసి, డాక్టరుతో ఫోనులో మాట్లాడి మోతాదు తగ్గించింది, మందు వేసుకునే వేళ మార్చింది. ఆ తర్వాత ముసలమ్మ మందు మానలేదు.

"వార్డులో అయితే నేను చార్టులో 'మందు నిరాకరించింది' అని రాసి పక్క బెడ్డు దగ్గరికి పోయేదాన్ని మేడం" అని ఆ నర్సు నాతో అన్నది. ఇది ఆమె ఒక్కతె తప్పు కాదు. వార్డు అట్లాగే నేర్పుతుంది. అక్కడ రోగి మన ఇంట్లో ఉంటుంది. చీర తీసేసి గౌను తొడుక్కుని, బెడ్డు నెంబరై పడుకుంటుంది. ఎప్పుడు తినాలో, ఎప్పుడు నిద్రపోవాలో, చుట్టాలు ఎప్పుడు రావాలో మనమే నిర్ణయిస్తాం. ఊళ్ళో మనం ఆమె గడప దగ్గర నిలబడతాం. ఆమె కూర్చోమంటేనే కూర్చుంటాం. వార్డులో డిశ్చార్జి కాగితంతో మన బాధ్యత తీరిపోతుంది. ఊళ్ళో ఎవరికీ డిశ్చార్జి ఉండదు. ఇవాళ గర్భిణిగా చూసిన మనిషినే రేపు రక్తహీనతతో, ఆ తర్వాత మొగుడు కొట్టిన దెబ్బలతో, ముసలితనంలో షుగరుతో చూస్తాం.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. న్యూయార్కులో నర్సింగ్ చదివిన లిలియన్ వాల్డ్ 1893లో వలస కార్మికుల వాడలో ఒక బాలింతను చూడటానికి వెళ్ళి, ఆ ఇరుకిళ్ళ పరిస్థితి చూసి, అక్కడే కాపురం పెట్టింది. 'పబ్లిక్ హెల్త్ నర్సు' అనే మాట ఆమె వాడుకలోకి తెచ్చినదే. జబ్బుకు మూలమైన ఇల్లు, కూలి, తిండి గురించి మాట్లాడే అధికారం నర్సుకు ఉండాలని ఆమె వాదించింది.

మన దగ్గర జరిగింది

మన దేశంలో కథ వేరే దారిలో నడిచింది. భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి బ్రిటిష్ ఇండియాలో సుమారు 43,000 మందికి ఒక నర్సు. పల్లెలకు పూర్తి శిక్షణ పొందిన నర్సులను పంపడం సాధ్యం కాదనుకుని, స్వాతంత్ర్యం తర్వాత ఏ.ఎన్.ఎం. అనే రెండేళ్ళ శిక్షణను తెచ్చారు. ఆమె ప్రధానంగా మంత్రసాని పని తెలిసిన నర్సు. 1960ల నుంచి కుటుంబ నియంత్రణ ఆమె నెత్తిన పడింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను 'బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్త'గా మార్చమన్నది. 1977లో శిక్షణను ఏడాదిన్నరకు కుదించారు. పని పెరిగింది, చదువు తగ్గింది. కాన్పు చేసే నైపుణ్యం పోయి రిజిస్టర్ల సంఖ్య పెరిగింది. ఐదు వేల జనాభాకు, గిరిజన ప్రాంతాల్లో మూడు వేలకు ఒక ఉపకేంద్రం అని కాగితం మీద రాశారు. అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటల మధ్య దూరం ఎంతో, దేవరకొండ వైపు తండాలు ఎట్లా చెదిరి ఉంటాయో ఆ లెక్కలో లేదు.

2018లో కేంద్ర ప్రభుత్వం ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టాక, జీ.ఎన్.ఎం., బీ.ఎస్సీ. నర్సింగ్ చదివిన స్త్రీలకు ఆరు నెలల శిక్షణతో ఊరికి వచ్చే దారి తెరుచుకుంది. మన రాష్ట్రంలో వాటిని పల్లె దవాఖానలన్నారు. మొదటిసారిగా పూర్తి శిక్షణ ఉన్న నర్సు ఊరి ముంగిటికి వచ్చింది. ఇది మంచి మార్పే. కానీ ఇక్కడ ఆ బాధ్యతకు ముందు ఎం.బీ.బీ.ఎస్., ఆయుర్వేద డాక్టర్లను తీసుకోమన్నారు, వాళ్ళు దొరకకపోతే నర్సును తీసుకోమన్నారు. జీతంలోనూ ఆ తేడా ఉంచారు. అంటే నర్సు అక్కడ నర్సుగా కాక, డాక్టరు దొరకని చోట ప్రత్యామ్నాయంగా నిలబడింది.

ఊరు చూపించేది

ఇంతకీ నర్సు ఊరికి వస్తే వార్డులో కనిపించనిది ఏం కనిపిస్తుంది? మీ జిల్లాలనే తీసుకుందాం.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం ప్రాంతాల నుంచి నడుము వంగిన స్త్రీ ఆసుపత్రికి వస్తే వార్డులో ఆమె 'నొప్పుల కేసు'. నొప్పి మాత్రలిచ్చి పంపిస్తారు. ఊళ్ళో నర్సు ఆమె ఇంటికి పోతే అత్తకూ అవే కాళ్ళు, పిల్లల పళ్ళ మీద అవే గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. బోరు ఎక్కడుందో కనిపిస్తుంది. జబ్బు ఆమె నడుములో మొదలు కాలేదనీ, నీళ్ళలో ఉన్నదనీ తెలుస్తుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని మన ప్రమాణం. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నీరీ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, దానికి 'నల్గొండ టెక్నిక్' అని ప్రపంచమంతా పేరు పెట్టుకుంది. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడిచూశారు. అదే జిల్లాలో నాగార్జునసాగర్ కట్టారు. అయినా పక్క మండలాల ఆడవాళ్ళు దశాబ్దాల తరబడి ఆ బోరు నీళ్ళే మోసి, తాగి, వంగిపోయారు. 2016 తర్వాత మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వచ్చాయి. కొత్త పిల్లలను కాపాడుకోగలం. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు. వాళ్ళకు కావలసింది ఇంటికి వచ్చి లేపి కూర్చోబెట్టి, పుండ్లు పడకుండా చూసే నర్సింగ్. అది ఏ ఆసుపత్రి బెడ్డూ జీవితాంతం ఇవ్వలేదు.

పాలమూరు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. గుంపు మేస్త్రీల వెంట ముంబయికీ పుణెకూ డ్యాములకూ పోయిన వలస అది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో కొంత తగ్గినా పోలేదు. వార్డు నర్సుకు వలస అంటే ఏడో నెలలో కార్డు లేకుండా, రక్తం లేకుండా వచ్చిన 'నిర్లక్ష్యం చేసిన తల్లి'. ఊరి నర్సుకు ఆమె ఎవరి దగ్గర అడ్వాన్సు తీసుకుందో, పండుగకు వచ్చి ఎన్నాళ్ళుంటుందో తెలుసు. ఒక నర్సు ఊరు విడిచే ప్రతి గర్భిణి కార్డు మీదా తన ఫోను నెంబరు రాసి ఇచ్చేది. వేరే రాష్ట్రం సైట్ల నుంచి రాత్రిపూట ఫోన్లు వచ్చేవి. "టీకా ఎక్కడ వేయించాల్నో చెప్పు అక్కా" అని. ఇది ఆమెకు ఏ సర్క్యులరూ చెప్పిన పని కాదు. ఏ రిజిస్టరులోనూ ఇది లెక్కకు రాదు.

లెక్కకు వచ్చేది ఏమిటి?

మీ ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. పై ఆఫీసు ఏది లెక్కిస్తే కింద ఆ పనే జరుగుతుంది. దశాబ్దాల పాటు లెక్కించింది ఆపరేషన్లను. 1996 ఏప్రిల్ నుంచి దేశమంతటా కుటుంబ నియంత్రణ టార్గెట్లను ఎత్తివేశామని ప్రకటించారు. అయినా నెలవారీ సమావేశంలో "నీ కింద ఎన్ని కేసులు?" అన్న ప్రశ్న ఆగలేదని నర్సులు నాకు చెప్పారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పది మంది వివాహితల్లో ఆరుగురు ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళే. మగవాళ్ళ వాటా నామమాత్రం. 2022 ఆగస్టు 25న నల్గొండకు పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ ఆపరేషన్లు చేశారు, వాళ్ళలో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్నపిల్లల తల్లులు. ఇట్లాంటి క్యాంపులకు ఊరి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పోయేది ఊరి నర్సూ ఆశా కార్యకర్తలే. జరగరానిది జరిగితే మర్నాడు ఆ ఇళ్ళ ముందు నిలబడవలసింది కూడా వాళ్ళే. సర్జన్ ఆ వీధిలోకి రాడు.

మన ఉద్యమానికి దీంట్లో ఒక చరిత్ర ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను స్త్రీలకు సరైన సమాచారం ఇవ్వకుండా వేస్తున్నారని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. సహేలి మొదలైన సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2017లో 'అంతర' పేరుతో మూడు నెలల ఇంజెక్షన్ ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. ఇప్పుడు దాని గురించి చెప్పవలసింది ఊరి నర్సే. నెలసరి తప్పితే, ఎక్కువైతే ఆమెనే అడుగుతారు. మందు గురించి ఆమెకు పూర్తిగా చెప్పారా? "వద్దు" అన్న స్త్రీ మాటను రాసుకునే గడి ఆమె రిజిస్టరులో ఉందా? ఊరి ఆడవాళ్ళకు జవాబుదారీగా ఉండటమంటే ఇదే.

కాన్పుల సంగతీ అంతే. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. అది సాధించుకున్నాం. కానీ నూటికి 60కి పైగా కడుపు కోసి తీసినవే. ప్రైవేటులో 80కి పైనే. రక్తహీనతతో, వారం తిరగకముందే బరువులెత్తే స్త్రీకి ఆ కోత ఎంత కాలం బాధపెడుతుందో చూసేది ఇంటికి వచ్చిన నర్సు. 2017లో కరీంనగర్‌లో నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టినప్పుడు, సహజ కాన్పుకు నర్సే పెద్దదిక్కు కావాలన్న ఆశ కలిగింది. ఆ నైపుణ్యం జిల్లా ఆసుపత్రి లేబర్ రూములోనే ఆగిపోకుండా ఊరి గర్భిణి దాకా రావాలి.

కులం, భయం, కాంట్రాక్టు

ఇక నర్సుల ఫిర్యాదులు చెబుతాను. మనకు కొంచెం ఇబ్బందిగా ఉన్నా వినాలి.

మొదటిది కులం. మన ప్రాంతంలో నర్సింగ్ వృత్తిలోకి మొదట వచ్చిన వాళ్ళలో దళిత, క్రైస్తవ స్త్రీలు ఎక్కువ. ఈ పనిని మైలపనిగా చూసి మిగతా కులాలు తమ ఆడపిల్లలను పంపలేదు. జడ్చర్ల మెన్నోనైట్ ఆసుపత్రి వంటి మిషన్ ఆసుపత్రులే వీళ్ళకు బడీ నీడా అయ్యాయి. వార్డులో యూనిఫారం కులాన్ని కొంతవరకు కప్పుతుంది. ఊళ్ళో మొదటి ప్రశ్నే "మీరేమోళ్ళు బిడ్డా?" జవాబు విన్నాక కొన్ని ఇళ్ళలో అరుగు మీద నుంచే సూది వేయించుకుంటారు. నీళ్ళు వేరే గ్లాసులో వస్తాయి. అద్దె ఇల్లు దొరకదు. మనం "నర్సమ్మ ఊళ్ళో ఉండదు" అని అర్జీ రాసేటప్పుడు, ఆమెకు ఇల్లు ఎందుకు దొరకలేదో అడిగామా?

రెండోది భయం. వార్డులో రాత్రి డ్యూటీలో పక్కన మరో నర్సు, ఆయా, వాచ్‌మన్ ఉంటారు. ఉన్నా రక్షణ లేదని 2024లో కలకత్తా ఆసుపత్రిలో జరిగిన ఘోరం చెప్పింది. దాని తర్వాత దేశమంతా ఆసుపత్రుల్లో కెమెరాల గురించీ డ్యూటీ రూముల గురించీ మాట్లాడింది. ఒంటరిగా ఆటో దిగి రెండు కిలోమీటర్లు నడిచే నర్సు గురించి అంతగా మాట్లాడలేదు. నేను కలిసిన ఒకామె ఫోను నెంబరు ఉపకేంద్రం గోడ మీద పెయింటుతో రాసి ఉంది. కాన్పు నొప్పులకోసం రాసిన ఆ నెంబరుకు అర్ధరాత్రి తాగుబోతులు ఫోను చేసేవాళ్ళు. ఆఫీసులో చెబితే "ఫోను ఎత్తకు" అన్నారు. ఎత్తకపోతే ఎవరి కాన్పు నొప్పులో ఎట్లా తెలుస్తుంది?

రాజస్థాన్‌లో భన్వరీదేవి కూడా ఊళ్ళో తిరిగి పనిచేసే కార్యకర్తే. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమె మీద అత్యాచారం చేశారు. ఆ ఘటన తర్వాతి పోరాటం నుంచే 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. ఉద్యోగరీత్యా వెళ్ళే ఏ చోటైనా, అక్కడికి యజమాని ఏర్పాటు చేసిన ప్రయాణమైనా ఆ చట్టం దృష్టిలో పనిస్థలమే. పదిమంది కన్నా తక్కువ మంది పనిచేసే చోట్ల వాళ్ళు జిల్లాలో ఏర్పాటు కావలసిన స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల లోపు చేయాలి. ఊళ్ళలో తిరిగే స్త్రీ కారణంగా వచ్చిన చట్టం ఊళ్ళలో తిరిగే నర్సుకే తెలియకుండా ఉంది. నేను అడిగిన నర్సుల్లో చాలామందికి స్థానిక కమిటీ అనే మాటే కొత్త.

మూడోది కాంట్రాక్టు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక చేర్చుకున్న రెండో ఏ.ఎన్.ఎం.లు ఏళ్ళ తరబడి కాంట్రాక్టులోనే ఉండిపోయి, 2023 ఆగస్టులో పర్మినెంటు చేయమని సమ్మెకు దిగారు. నర్సు పర్మినెంటు కావాలన్నా, హెడ్ నర్సు కావాలన్నా దారి పెద్ద ఆసుపత్రి వైపే ఉంది. ఊరికి వచ్చిన నర్సు అక్కడ నేర్చుకున్నదంతా తీసుకుని, వార్డులో పర్మినెంటు ఉద్యోగం రాగానే వెళ్ళిపోతుంది. ముసలమ్మ మందుల సంగతి చెప్పిన నర్సు కూడా నిరుడు అట్లాగే వెళ్ళింది. ఆమెను తప్పుపట్టలేను. ఆమెకూ ఇద్దరు పిల్లలున్నారు. "నాకు ఊరే నచ్చింది మేడం, కానీ ఊరు నాకు ఉద్యోగం ఇయ్యలేదు" అన్నది.

మనం చేయగలిగేది

నర్సును మంచి చేసుకుందామని నేను చెప్పడం లేదు. ఆమె తప్పు చేస్తే అడగాలి. వార్డులో డాక్టరు తనను చూసినట్టే ఊళ్ళో ఆశా కార్యకర్తను చూసే నర్సులున్నారు. లంబాడీ స్త్రీని, చెంచు స్త్రీని కసురుకునే నర్సులున్నారు. అది అడగవలసిందే. అయితే మూడు పనులు ముందు మన వైపు నుంచి చేద్దాం.

ఒకటి, మీ సంఘం సమావేశానికి నెలకొకసారి నర్సునూ ఆశా కార్యకర్తనూ పిలవండి. ఆ నెల ఏం చేశారో, ఏం చేయలేకపోయారో, ఎందుకో ఆడవాళ్ళ ముందు చెప్పనివ్వండి. మందులు రాలేదంటే ఆ అర్జీ సంఘం రాయాలి, నర్సు కాదు. ఆమె రాస్తే ఆమెకు మెమో వస్తుంది. మీరు రాస్తే జవాబు రావాలి.

రెండు, మీ జిల్లాలో స్థానిక కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు అని కలెక్టరును అడగండి. 2016 తర్వాత పాత రెండు జిల్లాలు ముక్కలయ్యాయి కాబట్టి ప్రతి కొత్త జిల్లాలోనూ విడివిడిగా అడగాలి. ఆ వివరాలు ప్రతి ఉపకేంద్రం గోడ మీద, నర్సు ఫోను నెంబరు పక్కనే రాయించండి.

మూడు, ఊళ్ళో ఐదేళ్ళు పనిచేసిన నర్సుకు ఊళ్ళోనే పర్మినెంటు పోస్టు, ప్రమోషను ఉండాలన్న డిమాండును మన డిమాండుగా పెట్టుకుందాం. వాళ్ళు సమ్మె చేసినప్పుడు ధర్నా టెంటులో మన సంఘాలు కనిపించవు. టీకాలు ఆగాయని ఫిర్యాదు చేయడానికి మాత్రం వెళతాం. అది మారాలి.

మధ్యాహ్నం బృంద చర్చల్లో ప్రతి మండలం వాళ్ళూ ఒక సంగతి రాసి తీసుకురండి: మీ ఉపకేంద్రం నర్సు పేరు మీకు తెలుసా? ఆమె ఎక్కడ ఉంటుంది, ఊరికి ఎట్లా వస్తుంది, చివరిసారి జీతం ఎప్పుడు అందింది? తెలియకపోతే రేపు వెళ్ళి అడిగి రండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.